బోర్లించిన పియాలా

పాస్‌పోర్ట్ ఫోటో కోసం పీకించుకున్నాను,
ఇరవై రెండో ఏట.
మాస్కో దుకాణాల్లో సన్నగీత బొమలున్న పిల్లలకే
కౌంటర్ దగ్గర నిలబడే పని ఇస్తారని
ఎవరో అన్నారు, నమ్మాను.
బజారు వెనక గదిలో ఒకమ్మాయి
దారం కొస పళ్ళ మధ్య బిగించి
కళ్ళ మీది పంటంతా కోసేసింది.

టికెట్ డబ్బులు తమ్ముడి పెళ్ళిలో పడ్డాయి.
నేను మాస్కో పోలేదు.
పోయిన బొమలు మాత్రం తిరిగి రాలేదు.

మర్గిలాన్‌లో పట్టుకాయలు ఉడికే ఫ్యాక్టరీ,
పదిహేడేళ్ళుగా అదే తొట్టి ముందు నేను.
మరిగే నీళ్ళలోంచి
కంటికి ఆనని పోగు కొసని వేలితో పట్టేస్తాను,
అలాంటిదాన్ని
ముఖం మీద ఒక్క వెంట్రుక మొలిపించలేకపోయాను.
ఆముదం రాశాను.
ఉల్లిరసం రాసి ఊరికే ఏడ్చాను.
మరదలు ఇచ్చిన పెన్సిల్ గీత
ఆవిరికి కరిగి మధ్యాహ్నానికి చెంపల్లోకి దిగేది.

"చూరు లేని కొంపలా ఉన్నావే, ఇనోబత్!
వానొస్తే కళ్ళెక్కడ దాక్కుంటాయి?"
పక్కవాకిలి హోసియత్ అవ్వ అంది.
ఆవిడ కాలవ గట్టున, తుప్పు పట్టిన పసిపిల్లల స్నానపు తొట్టిలో
ఉస్మా పెంచుతుంది.
చూడ్డానికి పాలకూర, వాసనకి ముల్లంగి ఆకు.

ప్రతి గురువారం సాయంత్రం
నాలుగు ఆకులు నీడన వాడ్చి,
అరచేతుల మధ్య నలిపి ఉండచేసి,
పియాలా బోర్లించి
దాని అడుగున ఉండే చిన్న గుంటలోకి పిండుతుంది.
అంతే రసం. ఒక పిచ్చుక దాహానికి సరిపోదు.
అగ్గిపుల్లకి దూది చుట్టి
అందులో ముంచి,
తన ఎడమ బొటనవేలితో నా నుదుటి ఎముక వెతుకుతుంది.
కళ్ళు సరిగా కనబడవు ఆవిడకి. వేలికి కనబడుతుంది.

ఆరేదాకా కదలకూడదు, కోప్పడకూడదు, నవ్వకూడదు.
సరిగ్గా అప్పుడే
రొట్టెల షోదియా కోడలి కథ మొదలుపెడుతుంది.
నేను పెదవి కొరుక్కుంటాను.
ఆకుపచ్చ గీత
నెమ్మదిగా చీకటి పడుతుంది.

"రెండూ కలిపేయనా మధ్యలో?"
"వద్దవ్వా, నాకు నలభై దగ్గర పడింది."
"బొమల మధ్య ఎంత ఎడముంటే
మనిషి అంత దూరం పోతాడు.
మా అమ్మ చెప్పింది. నేను వినలేదు,
పెళ్ళినాడు విడివిడిగానే గీయించుకున్నాను."
ఆవిడ పెనిమిటి ఉల్లిపాయల లారీ తోలుకుని
ఓమ్‌స్క్ వైపు పోయాడు.
లారీ వచ్చింది. వేరే మనిషి తోలుకొచ్చాడు.

మొదటి నెలంతా పాచి పట్టిన గోడని.
రెండో నెల, ఏమీ లేదు.
జూలై ఎండల్లో ఒక తెల్లవారు
అద్దంలో వంకరగా, ఒంటరిగా, ఎదురు తిరిగి
ఒక నల్ల వెంట్రుక.
ఫ్యాక్టరీలో పిల్లలు ఒక్కొక్కరే వచ్చి లాగి చూశారు.
"రంగే!" "కాదే, వేరుంది!"
నొప్పెట్టింది.
ఆ నొప్పికి నేను ఎంత సంతోషపడ్డానో!

ఇప్పుడు ఒత్తుగా ఉన్నాయని చెప్పను.
ఎడమది బాగుంది. కుడిదాని తోక ఇంకా సందేహంలో ఉంది.
అద్దం ముందు నిలబడి
ఊరికే కోపం నటిస్తుంటాను,
ముడి పడుతోందా అని.

మొన్న గురువారం
నా పని అయ్యాక అవ్వ పియాలా తుడవలేదు.
వేలితో గుంట తడిమింది.
"కాస్త మిగిలిందే. పారబోస్తే పాపం."
ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆవిడ ముఖాన రంగు లేదు.
నేను మాట్లాడలేదు.
అగ్గిపుల్ల తీసుకున్నాను.

అక్కడ వెంట్రుకలు లేవు,
పలచని చర్మం, కింద ఎముక,
కళ్ళు మూసుకున్న రెప్పల వణుకు.
కుడివైపు గీశాను, ఎడమవైపు గీశాను.
"మధ్యలో?" అన్నాను.
అవ్వ నవ్వబోయి,
ఆరలేదని గుర్తొచ్చి,
ఆపుకుంది.