తోడు

ఎస్టోనియా పటంలో మా దీవి ఒక తుంపర.
పాయెవెరెలో మట్టి రెండు జానల లోతే.
ఆ కింద సున్నపురాయి, రాయి నిండా పగుళ్లు.
మన పెరట్లో పారబోసింది మూడో రోజుకల్లా
పొరుగింటి బావిలో పలుకుతుంది.

ఈ సంగతి బయట చెప్పుకునేవాళ్లం కాదు.
చుట్టాలొస్తే కాఫీ కాస్త చిక్కగా కాచేవాళ్లం.
కైయాకు బిడ్డ పుట్టాక నర్సు వచ్చి
నీళ్లసీసా కిటికీ వెలుగులో ఎత్తి చూసింది.
తళతళలాడుతున్నాయి.
అయినా పసిదానికి పట్టొద్దంది.
నైట్రేటుకు రంగు లేదు, వాసన లేదు, సిగ్గు లేదు.

ఆ తర్వాతే జునిపెర్ పొదల వెనక లేచింది ఈ షెడ్డు.
ఓడలో దిగిన రెండు ఉక్కు తొట్లు,
సేమ్యా పోగుల్లాంటి పొరల కట్టలు,
చివర్న ఒక ఊదారంగు దీపం.
నలభై మూడు ఇళ్ల మురుక్కి ఇంత వైభోగమా,
మా ఇంట్లో కూడా లేదే ఇలాంటి దీపం అన్నాడు హెల్దూర్.

పనికి నన్ను పెట్టారు.
పాలకేంద్రం మూతపడేదాకా ఇరవై రెండేళ్లు
అక్కడ నేను చేసిందీ ఇదే:
కంటికి కనబడని వాళ్లకు
వేళకింత తిండి, వెచ్చదనం, ఎవరికెంత గాలో అంత గాలి.

నిండిన తొట్టి మొదట్లో ఊరికే ఉండిపోయింది, పచ్చిపాలలా.
రేవు పట్నం నుంచి ట్యాంకరులో వచ్చింది
గోధుమరంగు బురద.
డ్రైవరు ముక్కు మూసుకున్నాడు.
నేను మూత తీసి వాసన చూశాను.
వాన వెలిసిన మట్టి. బతికే ఉంది.
తోడు పెట్టాను.

అక్టోబరులో సూక్ష్మదర్శిని కింద
కాడల మీద గంటపూలు ఊగాయి.
నాకెవరితోనో చెప్పాలనిపించింది. ఎవరూ లేరు.

జనవరిలో సముద్రం గట్టిపడింది.
తొట్టిలో నీళ్లు ఐదు డిగ్రీలు.
గంటపూలు ముడుచుకున్నాయి.
అమోనియా రెండు, ఐదు, పదకొండు.
పుస్తకంలో రాస్తుంటే పెన్ను కూడా గడ్డకట్టింది.

అప్పటిదాకా నేను శనివారాన్ని తిట్టుకునేదాన్ని.
ఊరు ఊరంతా ఒకే సాయంత్రం ఆవిరిగదుల్లో దూరి
నీళ్లన్నీ ఒక్కసారే నా మీదికి వదిలేది.
పంపు మూలిగేది, తొట్టి పొంగబోయేది.
ఆ రాత్రి పుస్తకం వెనక్కి తిప్పి చూస్తే
ప్రతి శనివారం ఎనిమిది డిగ్రీలు,
మంగళవారానికి మళ్లీ ఐదు.

పొద్దున్నే దుకాణం తలుపుకి కాగితం అంటించాను:
సోమవారం మిల్లు వైపు వాళ్లు,
మంగళవారం రేవు దారి, బుధవారం చర్చి వెనక ఇళ్లు...

హిల్యా కర్ర పొడుచుకుంటూ షెడ్డుకొచ్చింది.
ఎనభై నాలుగేళ్ల మనిషి.
"శనివారం కానినాడు మా ఆవిరిగది పొయ్యి రాజేసింది
ఒక్కసారే. మా అమ్మ నన్ను కన్నప్పుడు."
నేను వాదించలేదు.
స్టూలు జరిపి, చుక్క వేసి, అద్దం సరిచేసి ఇచ్చాను.
చాలాసేపు చూసింది.
"వీళ్లకి చలేస్తోందా?"
"వేస్తోంది."
కళ్లజోడు తుడుచుకుని వెళ్లిపోయింది.

బుధవారం చర్చి వెనక పొగ లేచింది.
ఒకటి, తర్వాత నాలుగు, చీకటి పడ్డాక లెక్క తప్పాను.
తొమ్మిదింటికి పంపు తనంతట తాను మేలుకుంది.
గొట్టం మీద చెయ్యి వేశాను, తీయలేదు.

పదకొండు, పది, మళ్లీ పది, ఏడు.
ఇవేం గొప్ప అంకెలు కావు.
కైయా బావి మీద మూత ఇంకా అలాగే ఉంది,
రాయి ఏదీ తొందరగా మరిచిపోదు.

జల్లెడ కడుగుతుంటే దొరికింది,
వీపు మీద కొట్టుకునే బర్చ్ మండలోంచి రాలిన ఆకు.
నిరుడు వేసవిలో కోసి ఆరబెట్టింది,
వేడినీళ్లలో మళ్లీ పచ్చబడింది.
ఎవరి వీపు తాకి వచ్చిందో.
పుస్తకంలో ఆ రోజు పేజీలో పెట్టాను,
ఏడు డిగ్రీల పక్కన.