బ్రేకు మీది కాలు

ఇవాలో దాటగానే తొంభైకి కట్టేసి
పాదం తీసేస్తాను.
ముందు దుంగల లారీ. వెనక నా కారు
కొంగుముడి వేసినట్టు దాని వెంటే.
అది నెమ్మదిస్తే ఇదీ నెమ్మదిస్తుంది.

మొదటి నెలంతా మురిసిపోయాను.
ఇరవై ఆరేళ్లుగా మంచులో ముసలివాళ్లకు
ఇన్సులిన్ చేరవేస్తున్న ఈ మోకాలికి
ఇన్నాళ్లకు సెలవు దొరికిందని.

జనవరిలో ఓ సాయంత్రం
లారీ చటుక్కున పక్కకి తప్పుకుంది.
దారి ఖాళీ అనుకుంది కారు,
గొంతు పెంచి ఉరికింది.
ఆ ఖాళీలోనే ఉంది
లైట్లు ఆరిపోయి, ఆగిపోయి
ఉర్హో ట్రాక్టరు.

కదిలేవాటినే నమ్ముతుందట ఇది.
నిలబడిపోయినవాటిని ఒక్కోసారి
రోడ్డు పక్క బోర్డుల్లో కలిపేస్తుందట.
పుస్తకంలో ఎక్కడో చీమతలకాయంత అక్షరాల్లో ఉంది.
నా కాలు ఆ పేజీ చదవలేదు.
అయినా దిగింది.

జానెడు దూరంలో ఆగాం.
ఉర్హో టోపీ సర్దుకుని
"బ్రేకులు మంచివే" అన్నాడు,
ఫ్లాస్కు మూత తిప్పుతూ.

ఇప్పటికీ వాడతాను. అబద్ధమెందుకు,
నడుముకి హాయి.
ముక్కు మీద మంచు పేరుకుంటే
"నాకు కనబడటం లేదు" అని
తనే చెప్పి తప్పుకుంటుంది.
మా డాక్టరు ఎన్నడూ అనని మాట.

రెయిన్‌డీర్ల సంగతి మాత్రం దాన్ని అడగను.
బూడిద వెలుగులో బూడిద ఒళ్లు,
నడిరోడ్డు మీద
కదలకుండా నాకేసి చూస్తాయి.
నేను రోజూ వెళ్లేదీ
కదలనివాళ్ల దగ్గరికే.

అందుకని బ్రేకు మీద, గాలిలో
పాదం ఉంచుకునే పోతాను,
పొయ్యి మీది పాల దగ్గర
మసిగుడ్డ పట్టుకు నిలబడ్డట్టు.