కాస్త జరగండి

బోర్డు మీద బాణం గుర్తొక్కటే మిగిలింది
అక్షరాల్ని ఉప్పుగాలి నాకేసింది

గేటుకు చుట్టిన నీలం నైలాన్ తాడు విప్పుతూ
ఎర్లెండ్ ఫౌబిస్టర్ ముందే చెప్పాడు
"చూడ్డానికేం లేదక్కడ. తర్వాత నన్ననుకోవద్దు."
అన్నాడే గానీ
బురదలో బూట్లు ఈడ్చుకుంటూ
నాకన్నా ముందు నడిచాడు

చెట్టన్నది లేని ఆర్క్నీ దీవి
పట్టుకు వేలాడ్డానికి గాలికి
మేమిద్దరమే దొరికాం
తీతువొకటి నెత్తిమీదే తిరుగుతూ అరిచింది
మావైపైతే ఆ కూతకి
గుండె మీద చెయ్యేసుకుంటారు
"గుడ్లు పెట్టింది, చూసి అడుగెయ్యి"
అన్నాడాయన, అంతే

నిజంగానే ఏం లేదు
నడుమెత్తు గడ్డిదిబ్బ
మధ్యలో, పళ్లూడిన చిగుళ్లలా ఒక పల్లం
ఒకదానికొకటి ఆనుకున్న నాలుగు పలకరాళ్లు
అలిసి పడుకున్నది ఇంకొకటి
కుందేళ్లు తోడిపోసిన మన్ను
గొర్రె పెంటికలు, ఒక చాక్లెట్ కాగితం
ఐదువేల ఏళ్లకి ఇంతేనా
అని నేను పైకి అనలేదు
నా మొహం అనే ఉంటుంది

మోకాళ్లమీద లోపలికి దూరాను
కప్పు లేదు, ఆకాశమే పైకప్పు
అయినా ఎందుకో తల వంచుకునే ఉన్నాను

ఇక్కడ మనిషికో గొయ్యి కాదట
పుర్రెలన్నీ ఓ మూల, తొడ ఎముకలింకో మూల
ఎవరి చెయ్యి ఎవరి పక్కటెముకల మీదో
కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా
పాతవాళ్లని గోడవైపు నెట్టేవాళ్లట
కిక్కిరిసిన ప్యాసింజరు బండిలో
బెంచీ మీద జరిగి చోటిచ్చినట్టు
ఇప్పుడు ఒక్క ఎముకా లేదు
అట్టపెట్టెలెక్కి పట్నం పోయాయి

"మరి రాళ్లేవి? కొండంత ఉండాలి కదా?"

ఎర్లెండ్ గడ్డంతో చూపించాడు
అదిగో గొర్రెల దొడ్డి
అదిగో పడవల రేవు మెట్లు
అదిగో మా ఇల్లు, వంటింటి వెనక గోడ
"మా ముత్తాత పాపం మంచోడే
చలికి తట్టుకోలేక తోలాడు
ఒక శీతాకాలమంతా, పేడ బండి మీద"

తిరిగొచ్చేటప్పుడు ఆవుల కొట్టం దగ్గర ఆగాడు
గుమ్మం మీద అడ్డంగా
నిలువెత్తు మనిషంత రాయి
అంచు వెంట చిన్నచిన్న గుంటలు
ఎవరో ఓపిగ్గా, రాతితో రాతిని పొడిచినవి
ఒకచోట మాత్రం నున్నగా, నల్లగా
"అది మా అమ్మ చెయ్యి" అన్నాడు
పాల బకెట్టుతో దాటిన ప్రతిసారీ జెమైమా
వేళ్లు దానికి ఆనించి
కాస్త జరగండమ్మా, అనేదట
ఎవరితోనో ఎవరూ అడగలేదు
ఆవులకి అలవాటైపోయింది

"ఆవిడ పోయాక
వెనక్కి పట్టుకెళ్లి అక్కడే పెడదామని చూశా
జాకీ బిగించి అంగుళం లేపానో లేదో
కప్పు కిందికొచ్చింది
మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేశా"
నవ్వాడు. నవ్వి, టోపీ సర్దుకున్నాడు
గుమ్మం కింద నుంచి దాటేటప్పుడు
టోపీ తీశాడని తర్వాత గుర్తొచ్చింది

నా జేబులో ఒక గులకరాయి
పొద్దున సముద్రం ఒడ్డున ఏరింది
ఇలాంటి గుట్టని చూడబోయేవాళ్లు
తలా ఒక రాయి వేసి రావాలని ఎవరో చెబితే
పిడికెడు మన్ను వేసినట్టనుకుని తెచ్చాను
వెయ్యడం మరిచిపోయాను
లేక, ఆ పల్లంలో వెయ్యడానికి
సిగ్గేసిందేమో

దొడ్డి గోడలో ఒక సందు
గాలి అందులోంచి సన్నగా ఈల వేస్తోంది
అక్కడ దూర్చాను. నిలవలేదు
కింద పడితే ఎర్లెండ్ వంగి తీసి
బొటనవేలితో మట్టి తుడిచి
అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు
"దీనికి వీపు ఇటుంది" అంటూ
పక్కరాయిని కొంచెం జరిపాడు

ఈల ఆగింది