సంపుటి తొమ్మిది, సంచిక మూడు

యూనివర్సిటీ లైబ్రరీ రెండో అంతస్తులో
హుద్‌హుద్ ఎత్తుకెళ్లిన కిటికీకి ఇంకా ప్లైవుడ్ చెక్కే.
సందులోంచి దూరిన ఉప్పుగాలి
భూభౌతిక పత్రిక పాత సంపుటాల అట్టలు నాకిపోతుంటుంది.
యాభై ఏళ్ల వ్యాసాలు లెక్కపెట్టమన్నారు నన్ను.
ఎవరు ఎవర్ని తలుచుకున్నారో,
ఎన్నిసార్లో.

పన్నెండొందల నలభై మూడు.
ఏదీ చదవను. చివరి పేజీ నుంచి మొదలెడతాను.
పెళ్లికెళ్లి భోజనానికి కూర్చోకుండా
చదివింపుల పుస్తకం చూసొచ్చే మనిషిని.

డెబ్బైలలో అందరూ గురుత్వాకర్షణ కొలిచారు.
తర్వాత కొన్నేళ్లు అయస్కాంతాల జాతర.
సునామీ వచ్చిన మరుసటేడు పత్రికంతా సముద్రమే,
అంతకుముందు అది ఎవరికీ కనపడనట్టు.
ఇప్పుడు ఎండలోకి వెళ్లేవాళ్లు తక్కువ.
కొండ కడుపులో ఏముందో ఊహించడం
కంప్యూటరుకి నేర్పుతున్నారు.
సైటేషన్ల గ్రాఫు గీస్తే
అచ్చం డాల్ఫిన్ నోస్:
మెల్లగా ఎక్కి ఎక్కి
నిట్టనిలువుగా నీళ్లలోకి.

ఒకాయనకి నాలుగొందల పన్నెండు సైటేషన్లు.
అందులో నూట ఎనభై ఆయన రాసుకున్నవే.
"తన వీపు తాను తట్టుకున్నవి తీసెయ్" అన్నారు
మా గైడు శశిరేఖ గారు.
తీసేశాను.
శిష్యులు తట్టినవి తీయమనలేదు.

సంపుటి తొమ్మిది, సంచిక మూడు, పేజీ 211.
గొర్లె వైకుంఠరావు. ఒక్కడే రచయిత.
పద్మనాభం దగ్గరి ఖొండలైటు నేలలో విద్యుత్ నిరోధకత.
సైటేషన్లు: సున్నా.
నలభై ఎనిమిదేళ్లలో
తప్పని చెప్పడానికైనా ఎవడూ పేరెత్తలేదు.

సున్నాలు మూడొందల ఆరున్నాయి.
దీని దగ్గరే చెయ్యి ఆగింది,
కృతజ్ఞతల్లో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం చూసి:
"మే నెలలో నేల కరెంటు పట్టనప్పుడు
మేకుల చుట్టూ పోయడానికి
తన గంటి అంబలి కోసం తెచ్చుకున్న ఉప్పు ఇచ్చేసిన పైడయ్యకు."

ఆ మధ్యాహ్నం పైడయ్య చప్పిడి అంబలి తాగాడన్నమాట.
ఏ సూచికలోనూ లేదు ఈ సంగతి.

ఆదివారం మద్దిలపాలెంలో బస్సెక్కాను,
పేజీ 217 మ్యాపు జిరాక్సు మడిచి పట్టుకుని.
మ్యాపులో ఉన్న మట్టిబాట తారు రోడ్డయింది.
తాటితోపులో నాలుగు చెట్లు మిగిలాయి.
దొండపాదు కింద నడుం వంచి కాయలు కోస్తున్న మనిషి
జిరాక్సు తిప్పి తిప్పి చూసింది.
"సుత్తి సారేటి?
మా తాత మేకులు కొట్టీవోడు ఆయనకి.
వైర్లట్టుకుని ఊరంతా తిరిగితే
పిచ్చోళ్లనేవోరట.
ఇక్కడ తవ్వమన్నాడు. డెబ్బై రెండడుగులకి పడింది."

నా చేతిలో పేజీ 215:
ఇరవై రెండు మీటర్ల దగ్గర నీటి పొర ఉండవచ్చు.
ఫోనులో అడుగుల్లోకి మార్చుకుని
ఏం మాట్లాడాలో తెలీక నిలబడ్డాను.
మోటారు వేసి చెంబుడు నీళ్లిచ్చింది.
కొంచెం తుప్పు రుచి. చల్లగా ఉన్నాయి.

మంగళవారం పట్టికకి ఒక గడి కలిపాను.
రిమార్కులు:
ఎనిమిది ఇళ్లు. ఎకరంన్నర దొండ. ఒక మోటారు.
పరిశీలకురాలు ఒక చెంబు తాగింది.
శశిరేఖ గారు కళ్లజోడు తీసి చాలాసేపు చూశారు.
"బాగానే ఉందిగానీ, తీసెయ్యమ్మా.
టేబులు పేజీలో పట్టదు."

తీసేశాను.
సున్నా సున్నాగానే అచ్చుకి వెళ్లింది.

కవితల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, తెలుసు.
అయినా పద్ధతి ప్రకారమే రాస్తున్నాను:
గొర్లె వైకుంఠరావు,
సంపుటి తొమ్మిది, సంచిక మూడు,
పేజీలు 211 నుంచి 218.
ఉప్పు: పైడయ్య.