లోపలి మనిషి కొలతలు

మా ఇంట్లో చలికాలాలు రెండు.
వంటగదిలో నాది, పొయ్యి ఆరితే వచ్చేది.
మెట్లు దిగితే సూటుది:
ఏడాది పొడుగునా పదిహేను డిగ్రీలు,
గాలిలో తేమ నూటికి ముప్పై అయిదు పాళ్లు.
ఒక్క పాలు పెరిగినా
అర్ధరాత్రి చెప్పుల్లేకుండా పరిగెత్తుతాడు ఎండెల్.
నాకు జ్వరమొచ్చిన రోజున
థర్మామీటర్ ఎక్కడుందని నన్నే అడిగినవాడు.

టార్టు బస్‌స్టేషన్ వెనక తుక్కు కొట్లో దొరికింది,
దేశం పేరు మారిన రెండో ఏడు,
బంగాళదుంపల గోనెసంచిలో.
సగం జీతమూ, నా కుట్టుమిషను మోటారూ ఇచ్చి తెచ్చాడు.
వ్యోమగామి సూటు.
అంతరిక్షం చూసింది కాదు.
సాధన కోసం కుట్టింది.
కుర్చీలో కూర్చుని, కుర్చీతో సహా కిందపడి,
నీళ్లలో మునిగి, మంచులో దొర్లి
తిరిగి రావడం మాత్రమే నేర్చుకుంది.

నలభై ఏళ్లు నాటకశాలలో రాజుల అంగీలు కుట్టాను.
పట్టు గీతలు గీతలుగా చీలుతుంది.
ఉన్నిని పురుగు తింటుంది.
రబ్బరు మాత్రం లోపల్నుంచి చస్తుంది.
ముందు జిగురు. తర్వాత బిర్రు.
ఆ తర్వాత వేలు పెడితే
మరమరాల చప్పుడు.
గొట్టాలకి గోధుమరంగు చెమట పడుతుంది,
అది సోకిన ఇత్తడి కొక్కేనికి చిలుం.
ఎండెల్ ఊపిరి బిగబట్టి
దూదిపుల్లతో అద్దుతూ కూర్చుంటాడు.

మడిస్తే మడత దగ్గర విరుగుతుంది.
నిలబెడితే సొంత బరువుకే భుజాలు చినుగుతాయి.
చీకట్లో పడుకోబెట్టి వదిలేస్తే
ఇంకో వందేళ్లుంటుంది, ఎవరి కంటా పడకుండా.

"ఎవరూ చూడనిది మనకెందుకు?" అన్నాను.
"వెలుగు దీన్ని తినేస్తుంది, లైదా."
"నువ్వు చూడ్డం లేదూ?"
"నేను టార్చితో చూస్తాను."

ఆ శీతాకాలమంతా మాటల్లేవు.
ఎమయోగి నది గడ్డకట్టింది, కరిగింది.
మార్చిలో తనే వచ్చి నా టేపు అడిగాడు.
కూర్చోబెడదాం అన్నాడు. నిమిషాలు లెక్కపెట్టి చూపిద్దాం.
కానీ దానికి లోపల ఒళ్లు కావాలి.

అంతవరకూ మనిషిని కొలిచి బట్ట కుట్టాను.
మొదటిసారి
బట్టని కొలిచి మనిషిని కుట్టాను.

గంజి పోయేదాకా ఉతికిన నూలుగుడ్డ, కృత్రిమ దూది.
ఎడమ భుజం కుడిదానికన్నా వేలెడు కిందికి.
సన్నటి నడుం. బలమైన పిక్కలు.
నా చెవిదాకా వస్తాడేమో.
తెల్లారుజామున, కుడి మోచేతి లోపలివైపు,
ఫ్యాక్టరీ కుట్ల నడుమ
అంగుళం మేర వేరే చేయి కనిపించింది.
నల్లదారం అయిపోతే ముదురు నీలం ఎక్కించిన చేయి,
చివర ముడి రెండుసార్లు వేసే చేయి.
నేనూ రెండుసార్లే వేస్తాను.

ఎవరమ్మా నువ్వు? ఏ షిఫ్టు?
పైవాళ్లు చూడకముందే కుట్టేశావా,
చూసి కూడా ఊరుకున్నారా?
ఎండెల్‌కి ఆ రోజు చెప్పలేదు.

ముందు కాళ్లు, తర్వాత చేతులు, చివర మొండెం,
పొట్ట దగ్గరి చీలికలోంచి ఒక్కొక్కటే దూర్చాం.
అసలైతే అక్కడ లోపలి పొరని
పిండి సంచి మూతిలా పోగుచేసి
రెండు రబ్బరు బ్యాండ్లు బిగించేవారట.
అంతే. శూన్యానికీ మనిషికీ మధ్య
రెండు రబ్బరు బ్యాండ్లు.
నా దోసకాయ సీసాలకే ఇంతకంటే గట్టి ఏర్పాటుంది.
మేం బిగించలేదు. నూలు పట్టీ వదులుగా చుట్టాం.
ఇక వాడు ఊపిరి పీల్చక్కర్లేదు.

గాజు పెట్టె. దానికి నల్ల తెర, నేనే కుట్టాను.
ఆదివారం పది నిమిషాలు.

మొదటి ఆదివారం పక్కింటి మారెట్ వచ్చింది, ఏడేళ్లది,
తడి బూట్లు పైమెట్టు మీదే విప్పించాను.
"ఈయన చంద్రుడి మీదికి వెళ్లాడా?"
"లేదు," అన్నాడు ఎండెల్, గడియారం చూసుకుంటూ.
"మరెక్కడికి?"
"కుర్చీతో సహా కిందికి."

పిల్ల గాజుకి ముక్కు ఆనించింది.
ఆవిరి పట్టింది. ఎండెల్ విలవిల్లాడాడు.
"దెబ్బ తగిలిందా?"

ఎండెల్‌కి జవాబు దొరకలేదు.
పది నిమిషాలూ అయిపోయాయి.
తెర లాగుతూ నేనే చెప్పాను:
"మోచేతి దగ్గర, కొంచెం.
ఎవరో కుట్టేశారు."