గంటకింత

పెళ్లికి ఈ మేడ దొరికింది, శనివారం, గంటకింత చొప్పున.
మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా
దొరగారి మెట్లు మావే.

గ్వెన్లియన్ తెల్లగౌను ఎత్తి పట్టుకుని దిగుతోంటే
అందరూ ఆమెనే చూశారు.
ఎమ్లిన్ తాత మాత్రం వాకిట్లో తల వెనక్కి వంచి
ఇంటికప్పు చూస్తున్నాడు.

ఊదారంగు రాతిపలకలు,
పిల్లలు అక్షరాలు దిద్దే పలక రాయే.
చీల్చింది ఆయన తాత, కొండలో, కూలికి,
ఒక చెవి పేలుడుకిచ్చి.
అప్పట్లో వాళ్లకి గేటు దాకానే దారి;
కూలి పెంచమన్న ఏడాది అదీ లేదు.

కేకు కోసే వేళకి వాన అందుకుంది,
వేల్స్ వాన, చెప్పాపెట్టకుండా దిగే చుట్టం.
పచ్చిక మీద కుర్చీలొదిలి జనం లోపలికి పరుగు.
హార్ప్ వాయించే పిల్ల తీగల మీద తన కోటు కప్పింది.
మేనేజరు బకెట్లు తెప్పించాడు, ఎందుకైనా మంచిదని.

అవసరం పడలేదు.
తాత హాలంతా తిరిగాడు, అరచేయి చాపి,
ఒక్క చుక్కైనా రాలుతుందేమోనని.
నూట ముప్పై ఏళ్లు.
ఆ పొడి అరచేతిని
పెళ్లికూతురి చెంపకి ఆనించి
"మనవాళ్ల పని" అన్నాడు.

పదకొండు కావస్తోంది. దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు.
తాత ఇంకా కోటు వేసుకోలేదు.