సరస్సు పక్కన కాస్త చల్లగా

మిల్వాకీలో వాతావరణం చెప్పే ఆవిడ
వసంతమంతా చివర్న ఒక మాట తగిలిస్తుంది:
"సరస్సు పక్కన కాస్త చల్లగా."
ఆ కాస్త ఎంతో
కింది వాటాలో ఉండే క్లెటస్ షిబిల్‌స్కీని అడగాలి.

పడమటి వీధుల్లో పిల్లలు చొక్కాలిప్పి
గొట్టంతో నీళ్లు కొట్టుకుంటుంటే
ఆయన ఉన్నిటోపీ ఇంకా కొక్కేనికెక్కదు.
గాలి తూర్పుకి తిరిగిందా,
రేడియోలో ప్రకటన ముగిసేలోగా
పద్దెనిమిది డిగ్రీలు
తాడు తెగిన బాల్చీలా దిగిపోతాయి.

ముప్పైయెనిమిదేళ్లు సిటీ బస్సు నడిపాడు,
ఒడ్డు వెంబడి వెళ్లే రూటు.
ఎక్కేవాళ్ల కాలర్లు చూస్తే చాలు
చలి ఏ స్టాపులో కాపురముంటోందో తెలిసేదట.
డిపోవాళ్లిచ్చిన లెక్కల పుస్తకంలో
"ప్రయాణికులు" అన్న గడి కొట్టేసి
ఆఖరి మంచుకాటు తేదీలు రాసుకున్నాడు.
మే పదకొండు. మే ఇరవై. మే మూడు.
ఒక ఏడాదికి తేదీ లేదు,
"ఐరీన్ ఆస్పత్రి" అని ఉంది.
ఆ కింద, వేరే సిరాతో,
"టమాటాలు ఎవరు నాటారో తెలీదు. కాశాయి."

ఈమధ్య తేదీలు ఒక్కొక్కటే
ఏప్రిల్‌లోకి పాకుతున్నాయి.
సర్కారు కొత్త పటం వేసింది,
తోటల కోసం, రంగురంగులది.
మన ఊరు అరగడి దక్షిణానికి జరిగిందట.
"ఇల్లు కదల్లేదు," అన్నాడు క్లెటస్,
కిటికీలోంచి చూసి,
"రబార్బూ కదల్లేదు. మరి జరిగిందెవరు?"

పక్క మడి పా న్యియా మువాది.
నిమ్మగడ్డిని చలికాలమంతా బాల్చీల్లో
స్నానాలగదిలో దాచి బతికిస్తుంది;
ఇంట్లోవాళ్లు దాన్ని ఒత్తిగించి స్నానం చేస్తారు.
మే ఆరునే కాకర నారు మట్టిలో పెట్టేసింది.
"నెలాఖరుదాకా ఆగమ్మా," అన్నాడాయన.
"ఫోన్ డెబ్బయ్ అంటోంది తాతా."
"ఫోన్‌కి మోకాళ్లున్నాయా?"

పదిహేడో తారీఖు రాత్రి
గాలి పడిపోయింది.
మబ్బు లేదు. చుక్కలు మరీ దగ్గరగా.
నాకు అందంగా కనిపించింది,
ఆయన మాత్రం చెప్పులతోనే వచ్చి మా తలుపు బాదాడు:
"దుప్పట్లు!"

టార్చి పట్టుకోవడం నా పని.
పక్కదుప్పట్లు, దిండుగలీబులు,
చేపల బొమ్మల షవర్ కర్టెను,
ఎవరిదో ఫుట్‌బాల్ జట్టు కంబళి,
ఒక్కో మొక్కమీదా పరిచి, అంచులకి ఇటుకలు.
కాకరకి ఏమీ మిగల్లేదు.
క్లెటస్ లోపలికి వెళ్లాడు, చాలాసేపటికి వచ్చాడు,
చేతిలో డ్రైవరు కోటు,
ఇత్తడి గుండీలు, జేబుమీద నంబరు.
తీగ మీద కప్పి
పైగుండీ పెట్టాడు.

తెల్లారేవరకూ మెట్లమీదే కూర్చున్నాం.
ఇక్కడి లెక్కలో నీళ్లు గడ్డకట్టేది ముప్పైరెండు దగ్గర.
ముప్పైయారు. ముప్పైఅయిదు. ముప్పైనాలుగు.
అక్కడ ఆగింది.
ఆగి, ఏదో మర్చిపోయినట్టు
వెనక్కి తిరిగింది.

పొద్దున్నే మువా వచ్చి పడిపడి నవ్వింది.
పెరడు నిండా దయ్యాల సంతలా గుడ్డలు,
మధ్యలో గుండీ పెట్టుకున్న కాకర.
ఒక్క ఆకు నల్లబడలేదు.
ఆయన మొహంలో సంతోషం వెతికాను,
అది కాదు అక్కడున్నది.
ఏళ్లుగా తెలిసినవాడు ఎదురుపడి
పలకరించకుండా పోయినట్టుంది.

పుస్తకం తెరిచాడు.
ఏప్రిల్ ఇరవైనాలుగున రాసిన తేదీని
కొట్టేద్దామని తెరిచిన పేజీ.
కలం పట్టుకుని నన్నడిగాడు:
"రాని మంచుకి తేదీ వేస్తారా?"
నేనేం చెప్పగలను, మేడమీద అద్దెకుండేదాన్ని,
తులసి మొక్కని కూడా రెండుసార్లు చంపినదాన్ని.

చివరికి రాశాడు:
"మే 18. దుప్పట్లు తడిశాయి.
కోటు ఇస్త్రీకివ్వాలి."

తీగమీద ఆరేసిన పక్కదుప్పట్లు
మధ్యాహ్నందాకా కదలకుండా వేలాడాయి.
రెండింటికి కాబోలు
అన్నీ ఒక్కసారి పడమటికి ఎగిరాయి.
వంటింట్లోంచే అరిచాడు, "తూర్పుగాలి!"
టోపీ కోసం వెతుక్కుంటూ,
ఆ గొంతులో మళ్లీ
బస్సు స్టార్టయిన చప్పుడు.